టక్కుమన్నది మోకాలా, గిటారా?

వీణకు రెండు చేతులు చాలు. కాలితో తొక్కే హార్మోనియానికైతే పాదాలు కూడా కావాలి. కాని రెండు చేతులూ, రెండు పాదాలూ చాలక, రెండు మోకాళ్ళు కూడా కలిసి వస్తేగాని పూర్తిగా పలకని వాద్యం ఒకటి వున్నది. దాని పేరు పెడల్ స్టీల్ గిటారు. అమెరికాలో టెనెసీ రాష్ట్రపు నాష్‌విల్ పట్నం ఆ వాద్యానికి పుట్టినిల్లు కాకపోయినా మెట్టినిల్లు. మా అమ్మాయి కాపురం ఆ వూరి పొలిమేరలోనే. బెజవాడలో నలభై ఏళ్ళు కుట్టు మిషన్లు బాగుచేసిన నాకు ఆ గిటారుతో పరిచయం కలిగింది అక్కడే.

హవాయి నుంచి నాష్‌విల్‌కు

గిటారును పడుకోబెట్టి, తీగలమీద ఉక్కు కడ్డీ జార్చి వాయించడం హవాయి దీవులవారి విద్య. జోసెఫ్ కెకుకు అనే ఆయన 19వ శతాబ్దం చివర దానికి ప్రాణం పోశాడని చెబుతారు. ఆ నాదం మనకూ కొత్త కాదు. 1967లో వచ్చిన ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’ రికార్డులో శివకుమార్ శర్మ సంతూర్‌తోనూ, హరిప్రసాద్ చౌరసియా వేణువుతోనూ కలిసి బ్రిజ్ భూషణ్ కాబ్రా వాయించినది ఆ తీరు గిటారే.

అయితే ఆ కడ్డీకి ఒక చిక్కు వున్నది. దాన్ని జరిపితే దానికింద వున్న తీగలన్నీ కలిసి జరుగుతాయి. పక్క తీగలు నిలిచి వుండగా ఒక్క తీగ మాత్రం శ్రుతి మారాలంటే ఎలా? కాలికింద పెడల్ పెట్టి, ఆ ఒక్క తీగనూ లాగారు. 1954లో వెబ్ పియర్స్ ‘స్లోలీ’ పాట అమెరికా అంతటా మోగింది. అందులో బడ్ ఐజక్స్, తీగ మోగుతూ వుండగానే పెడల్ తొక్కి స్వరాన్ని జార్చాడు. అది విన్న స్టీల్ వాద్యగాండ్రు తమ గిటార్లకూ పెడల్స్ బిగించుకోవడం మొదలుపెట్టారు. పాదాల తరువాత మోకాళ్ళ వంతు వచ్చింది. ఇవాళ మామూలు గిటారుకు 10 తీగలు, 3 పెడల్స్, 4 గాని 5 గాని మోకాలి లివర్లు వుంటాయి.

మన సంగీతం భాషలో చెప్పాలంటే, 4వ తీగా, 8వ తీగా షడ్జం అనుకోండి. ఒక లివరును మోకాలితో నెడితే ఆ రెండూ కాకలి నిషాదానికి దిగుతాయి. వదిలితే మళ్ళీ షడ్జానికి వస్తాయి. ఆ దిగడం, ఎక్కడం చెవికి తెలియాలి. లివరు కదిలిన సంగతి మాత్రం తెలియకూడదు.

పొరుగింటి పెద్దాయన

మా అమ్మాయి పొరుగింట్లో డెబ్బై అయిదేళ్ళ పెద్దాయన ఒకరున్నారు. ఆదివారం ఆదివారం చర్చిలో పాడేవారికి స్టీల్ గిటారు వాయిస్తారు. ఆయనకు ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. నాలుగు నెలలకు తిరిగి గిటారు ముందు కూర్చునేసరికి, ఎడమ మోకాలి లివరు వదిలినప్పుడల్లా ‘టక్’మని చప్పుడు. భక్తి పాటలు మెల్లగా సాగేవి కదా, పక్కన నిలబడి పాడేవారికి ఆ చప్పుడు స్పష్టంగా వినబడుతున్నది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే యిదే.

“మోకాలు నా మాట వినడం లేదు. లివరును మెల్లగా వదలలేకపోతున్నాను. ఇక చాలు, అమ్మేస్తాను,” అన్నారట మా అమ్మాయితో.

“నాన్నా, ముప్ఫయి ఏళ్ళనుంచి వాయిస్తున్నారట ఆయన. మీరొక్కసారి చూడరూ?” అన్నది అమ్మాయి.

నాకు గిటారు తెలియదు. కాని దర్జీల కర్మాగారాల్లో వుండే పెద్ద కుట్టు మిషన్లకూ మోకాలి లివరు వుంటుంది. చేతులు గుడ్డమీదనుంచి తియ్యకుండా పాదాన్ని ఎత్తడానికది. బల్లకింద లివరు, దానికో ఇరుసు, అక్కణ్ణుంచి పైకి కడ్డీ. గిటారు కిందికి వంగి చూస్తే సూత్రం అంతా ఒకటే. లివరు నెట్టగానే అడ్డంగా వున్న ఇరుసు తిరుగుతుంది. ఇరుసుమీద బిగించిన చిన్న చెయ్యి ఒక సన్నని కడ్డీని లాగుతుంది. ఆ కడ్డీ గిటారు కుడి కొసను, తీగలు చుట్టుకుని వుండే ఉక్కు వేళ్ళను కదుపుతుంది. వదలగానే స్ప్రింగులు అన్నిటినీ యథాస్థానానికి తెస్తాయి.

మొదటి పరీక్ష

గిటారు విప్పడానికి ముందు తేల్చవలసింది ఒకటున్నది: తప్పు మోకాలిదా, గిటారుదా? పెద్దాయనను కుర్చీలో అలాగే వుండమని, మోకాలు పక్కకు తియ్యమన్నాను. నేను కింద కూర్చుని లివరును చేత్తో నెట్టి, వెన్న మీద చెయ్యి తీసినంత మెత్తగా వదిలాను. టక్! మళ్ళీ వదిలాను. టక్!

ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, “మరొకసారి చెయ్యండి,” అన్నారు.

రెండో పరీక్ష: విద్యుత్తు తీసి ఒకసారి, హెడ్‌ఫోన్లు పెట్టి ఒకసారి విన్నాం. హెడ్‌ఫోన్లలో చప్పుడు దాదాపు లేదు. గిటారులోని అయస్కాంతం తీగ కదలికను పట్టుకుంటుందే గాని, కింది కడ్డీల చప్పుడును అంతగా పట్టదు. కనుక ఇది చెక్క పెట్టెగుండా గాలిలోకి వచ్చే చప్పుడు.

చప్పుడును బట్టి జబ్బు

ఇటువంటి యంత్రాల చప్పుళ్ళు మూడు తెగలు. కిర్రుమంటే ఇరుసు ఎండిపోయింది. గలగలమంటే ఏదో మర వదులైంది. అది ఏదో ఒక స్వరం మీటినప్పుడే మోగితే, ఆ స్వరానికి అదురుతున్న భాగాన్ని వెతకాలి. వదిలినప్పుడు టక్కుమంటే లోహం లోహాన్ని కొడుతున్నది. చాలాసార్లు లివరు వచ్చి ఆనుకునే చోట మెత్తని రబ్బరో, ఫెల్టు ముక్కో అరిగిపోయి వుంటుంది. ఇక్కడ ఆ ముక్క నిక్షేపంలా వున్నది.

సామాన్యంగా గిటారును తిరగేసి పెట్టెలో పడుకోబెట్టి మరమ్మతు చేస్తారు. అలా చేస్తే మాకు చప్పుడే మాయమైంది. తలకిందులైతే కడ్డీలు మరోవైపుకు వాలుతాయి గదా. అందుచేత గిటారును మళ్ళీ కాళ్ళమీద నిలబెట్టి, టార్చిలైటు పట్టుకుని నేనే కిందికి దూరాను.

చెవి చెప్పేది ఎడమ మోకాలి దగ్గర అని. చెక్క పెట్టె చప్పుడును అంతటా మోసుకుపోతుంది కాబట్టి చెవిని అంతగా నమ్మకూడదు. మోటారు మెకానిక్కులు చేసినట్టు, స్క్రూడ్రైవరు కొసను భాగాలకు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకున్నాను. ఎడమనుంచి కుడికి జరుగుతూ పోతే చప్పుడు పెరిగింది. అప్పుడు ఒక్కొక్క కడ్డీనీ రెండు వేళ్ళతో పట్టుకుని లివరు వదలమన్నాను. 8వ తీగ కడ్డీ పట్టుకోగానే చప్పుడు ఆగిపోయింది!

చూస్తే, దాన్ని లాగే చెయ్యి తాలూకు మర వదులై, ఆ చెయ్యి ఇరుసుమీద బియ్యపు గింజంత మేర పక్కకు జరిగింది. కడ్డీ ఏటవాలుగా నడుస్తూ, తిరిగి వచ్చేటప్పుడు పక్క కడ్డీని కొడుతున్నది. నాలుగు నెలలు కదలకుండా వున్న గిటారును తీసి, మోసి, దించారు. మోకాలికి దీనితో ఏ సంబంధమూ లేదు.

చెయ్యిని సరైన చోటికి జరిపి మర బిగించాం. కడ్డీలు దగ్గరగా నడిచే చోట ఒకదానికి మెత్తని ప్లాస్టిక్ గొట్టం ముక్క తొడిగాం. తరువాత శ్రుతి. ముందు తీగను విడిగా శ్రుతి చేసి, ఆపైన లివరు నెట్టి పట్టుకుని, కుడి కొసను కడ్డీ చివర వుండే నైలాన్ నట్టుతో దిగిన స్వరాన్ని సరిచెయ్యాలి. ఈ నట్టును అతిగా బిగిస్తే ఉక్కు వేలు పూర్తిగా వెనక్కు రాదు, తీగ స్వస్థానానికి చేరదు. వెంట్రుకవాసి వదులు వుండాలి.

ఇంట్లో చేసుకునేవారికి

ఏ చప్పుడు విన్నా నూనె డబ్బా తీసి చిమ్మేవారున్నారు. మందంగా పూసిన నూనె దుమ్మును పిలిచి పీట వేస్తుంది. కుట్టు మిషను నూనెలాంటి పలుచని నూనె, సూదిమొనతో ఒక్క చుక్క, ఇరుసు తిరిగే చోట మాత్రమే. మిగిలింది గుడ్డతో తుడిచెయ్యాలి. కారణం తెలియకుండా మరలన్నీ విప్పడం ఎలుకమీద కోపంతో యింటికి నిప్పు పెట్టుకోవడమే. విప్పేముందు వేలితో ఒక్కొక్క భాగాన్నీ పట్టి చూడండి. ఏది పడితే చప్పుడు ఆగిందో, జబ్బు దాని చుట్టుపక్కలే వుంటుంది.

పెద్దాయన గిటారు ముందు కూర్చుని, లివరును ఇరవైసార్లు నెట్టి వదిలారు. ఏ చప్పుడూ లేదు. వయసు వచ్చినవాళ్ళం, ఏది చెడినా ముందు మన వంట్లోనే తప్పు వెతుక్కుంటాం. తరువాతి ఆదివారం ఆయన చర్చికి బయలుదేరుతూ గిటారు పెట్టెను కారు ఎక్కించడానికి మా అల్లుణ్ణి సాయం పిలిచారు. అమ్మకం మాట మళ్ళీ ఎత్తలేదు.