ఇసుక నుండి జిగురు

ఓరుగల్లు నగరంలోని పాత పేటలలో మట్టెవాడ ఒకటి. వేసవిలో ఇక్కడ ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్‌ను దాటుతుంది. ఆ ఎండలో అల్యూమినియం చట్రానికి అతికించిన అద్దాన్ని గమనిస్తే ఒక ప్రశ్న ఉదయిస్తుంది. వేడికి లోహమూ, గాజూ వ్యాకోచిస్తాయి. కాని సమానంగా కాదు. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు పెరిగినప్పుడు మీటరు పొడవు గల అల్యూమినియం సుమారు 0.9 మిల్లీమీటర్లు సాగితే, అంతే పొడవు గల గాజు 0.4 మిల్లీమీటర్లలోపే సాగుతుంది. ఈ రెంటినీ కదలనీయక బంధిస్తే అద్దం పగలవచ్చు, లేదా అతుకు ఊడవచ్చు. ఆ ప్రమాదాన్ని నివారిస్తున్నది వాటి నడుమనున్న సిలికోన్ జిగురు.

సిలికాన్ ఒక మూలకం. సిలికోన్ దాని నుండి తయారయ్యే సమ్మేళనం. ఇసుకలోను, పలుగురాతిలోను ఉండే సిలికాయే దీనికి మూలం. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ కిప్పింగ్ 20వ శతాబ్ది తొలి దశకాలలో ఈ సమ్మేళనాలను పరిశోధించాడు. తన పాత్రలలో మిగిలే జిగట పదార్థాలు లోకానికి ఉపయోగపడగలవని ఆయన భావించలేదు. 1940లో అమెరికా శాస్త్రవేత్త యూజీన్ రోకో కనుగొన్న పద్ధతి వలన వాటిని పెద్ద ఎత్తున ఉత్పత్తి చేయడం సాధ్యమైంది.

సిలికోన్‌లో సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ఒకదాని తరువాత ఒకటిగా గొలుసువలె అమరి ఉంటాయి. వాటి మధ్య బంధం దృఢమైనది. కనుక ఎండవానలకు త్వరగా చెడదు. గొలుసు సులభంగా వంగుతుంది. కనుక చలిలోనూ బిరుసెక్కదు. గొట్టం నుండి వెలువడిన జిగురు గాలిలోని తేమను గ్రహించి, పైనుండి లోపలికి క్రమంగా రబ్బరులా మారుతుంది. ఒక రోజులో గట్టిపడేది సాధారణంగా రెండు, మూడు మిల్లీమీటర్ల మందమే. కొన్ని రకాల నుండి ఆ సమయంలో వెనిగర్ వాసన వస్తుంది. అది ఎసిటిక్ ఆమ్లం వాసన.

కిటికీలు, స్నానపు గదుల అంచులు, చేపల తొట్లు, విద్యుత్ పరికరాలు, బహుళ అంతస్తుల భవనాల అద్దపు గోడలు దీని ప్రధాన ఉపయోగ స్థానాలు. అయితే ప్రతి రకమూ ప్రతి పనికీ తగదు. ఆమ్లాన్ని విడిచే రకం పాలరాతిని, రాగిని పాడుచేస్తుంది. బూజును నివారించే మందు కలిపిన రకం చేపలకు ప్రాణాంతకం కావచ్చు. దుమ్ము, తడి ఉన్నచోట జిగురు సరిగా అంటదు. ఆరిన సాధారణ సిలికోన్‌పై రంగు నిలవదు. అధిక భారాన్ని మోయవలసిన గట్టి అతుకులకు ఎపాక్సీ వంటివే మేలు.

ఓరుగల్లు సీమకు ఇసుక సాయంతో కట్టడాన్ని కాపాడుకొనే నేర్పు కొత్తది కాదు. 1213 నాటి రామప్ప దేవాలయపు పునాదిలో కాకతీయ శిల్పులు ఇసుకను నింపారు. భూమి కదిలినప్పుడు ఆ ఇసుక కదలికను తనలో ఇముడ్చుకొంటుందని నిపుణులు వివరిస్తారు. అక్కడ పునాదిలో ఇసుక, ఇక్కడ ఇసుక నుండి పుట్టిన జిగురు. రూపాలు వేరైనా నేర్పే పాఠం ఒక్కటే: చిరకాలం నిలిచే బంధానికి పట్టు ఎంత అవసరమో, సడలింపు అంతే అవసరం.