రేగుపండులో పురుగు



సంక్రాంతి వచ్చేసరికి మన కొడంగల్, తాండూరు వైపు అంగళ్లలో రేగుపండ్ల గంపలు దిగుతాయి. పైకి పండు నిగనిగలాడుతూ వుంటుంది. విప్పి చూస్తే గింజ చుట్టూ గోధుమరంగు పొడి, అందులో మెల్లగా కదిలే తెల్లని పురుగు. ఒక్క పండులో అది కనబడితే చాలు, కొనవచ్చినవాడు గంపనే వదిలి పోతాడు.

పండు మాగినాక పురుగు పుట్టిందని కొందరంటారు. అది పొరపాటు. కాయ బఠాణీ గింజంత వున్నప్పుడే రేగుపండు ఈగ తొక్క కింద గుడ్డు పెట్టి పోతుంది. ఇంటి ఈగ కన్నా చిన్నది. రెక్కలమీద పసుపుపచ్చ చారలుంటాయి. 1854లో కోస్టా అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు దీనికి కార్పోమియా వెసువియానా అని పేరు పెట్టాడు. గుడ్డులోంచి వచ్చిన పురుగు కండ తింటూ గింజదాకా పోతుంది. అటువంటి కాయ వంకరగా పెరుగుతుంది, తరచు ముందే రాలుతుంది.

కందికాయ ఈగ మీకు తెలిసినదే. దాని పురుగు కాయలోనే గూడు కట్టుకుంటుంది. రేగు పురుగు మాత్రం ఎదిగినాక పండుకు బెజ్జం చేసుకొని నేలలో దిగుతుంది. అర అడుగు లోపలే గూడు కట్టుకుంటుంది. కొన్ని మరుసటి కాపుదాకా అక్కడే నిద్రపోతాయి. కనుక దాన్ని పట్టవలసిన చోటు చెట్టు మొదలే.

రాలిన పండ్లను ఎప్పటికప్పుడు ఏరి రెండడుగుల గుంటలో పూడ్చండి. పెంటకుప్పమీద వేస్తే అక్కడే నేలలో దిగుతాయి. వేసవిలో కొమ్మలు కత్తిరించేటప్పుడు చెట్టు చుట్టూ మన్ను తిరగెయ్యండి. గూళ్లు ఎండకు మాడతాయి, పిట్టలకు దొరుకుతాయి. గట్లమీది అడవిరేగు కూడా ఈ ఈగకు ఇల్లే. కంచెకు కంప కావాలి గదా అంటారు. కాపుకు ముందే కొట్టుకోండి, రెండు పనులూ అవుతాయి. ఇరుగుపొరుగు కూడా చేస్తేనే దీనికి ఫలం. ఈగకు గట్టు అడ్డం కాదు.

మాగిన పండుమీద మందు కొట్టడం డబ్బు దండగ. లోపలి పురుగు చావదు, విషం మాత్రం పిల్లల నోట్లోకి పోతుంది. భోగినాడు వాళ్ల తలమీద పోసేవి ఈ పండ్లే గదా! మందు తప్పదనుకుంటే కాయ బఠాణీ గింజంత వున్నప్పుడే, ఉద్యాన అధికారిని అడిగి, చెప్పిన మోతాదులో కొట్టండి.

2008లో కాలిఫోర్నియా తోటల్లో బయటపడిన మచ్చరెక్కల ఈగ అక్కడి స్ట్రాబెర్రీలను ఇట్లాగే పాడుచేసింది. ఆ మెత్తటి పండ్లను ఉప్పునీళ్లలో వేస్తే పురుగులు బయటికి వస్తాయి. మన రేగుపండును మాత్రం వేలితో విప్పి చూసి తినడమే మేలు. పొరపాటున ఒకటి కడుపులోకి పోయినా భయపడే పని లేదు. పురుగున్న పండును మాత్రం చెట్టుకిందికి విసరకండి, పొయ్యిలో వెయ్యండి.