ఆమ్లములను మోయు గొట్టములు

నేడు అనేక గ్రామముల పొలిమేరలలో కర్మాగారములు వెలసినవి. మందులు, రంగులు, ఎరువులు తయారగు చోట్ల గంధకామ్లము, కాస్టిక్ సోడా వంటి తీక్ష్ణద్రవములు గొట్టముల ద్వారా ప్రవహించుచుండును. గొట్టము చిల్లిపడినచో ఆ ద్రవము నేలలో ఇంకి బావినీటిని చెరచును. పారిశ్రామిక వ్యర్థజలములు వాగులో చేరినచో కలుగు నష్టమెట్టిదో పటాన్‌చెరు ప్రాంతమున నక్కవాగు వెంబడి గల గ్రామములవారు ఎరుగుదురు. కావున పంచాయతీ సభ్యులు ఈ గొట్టములనుగూర్చి కొంత తెలిసికొనుట అవసరము.

ఇనుప గొట్టము బలమైనదే. కాని నీరు కలిసిన గంధకామ్లము దానిని క్రమముగా తినివేయును. ఇట్టి చోట్ల పాలీప్రొపిలీన్ అను ప్లాస్టిక్‌తో చేసిన గొట్టములను వాడుదురు. ప్రొపిలీన్ వాయువు అణువులను గొలుసువలె కూర్చి ఈ పదార్థమును తయారుచేయుదురు. 1954లో ఇటలీ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు జూలియో నత్తా దీనిని గట్టి పదార్థముగా రూపొందించెను. 1963లో ఆయనకును, జర్మనీకి చెందిన కార్ల్ జీగ్లర్‌కును కలిపి నోబెల్ బహుమతి లభించెను.

పాలీప్రొపిలీన్ నీటికంటె తేలికైనది, తుప్పు పట్టదు, పలుచని ఆమ్లములను, క్షారములను చక్కగా తట్టుకొనును. దీనిని మామూలు జిగురుతో అతికించుట సాధ్యము కాదు. గొట్టపు కొనను, అతుకు ముక్కను వేడిచేసి, మెత్తబడిన వెంటనే ఒకదానిలో నొకటి చొప్పింతురు. సరిగా చేసినచో చల్లారిన పిమ్మట రెండును ఏకమగును. పని తెలియనివాడు చేసిన అతుకు కారును.

దీనికిని హద్దులు కలవు. 10 మీటర్ల గొట్టము, వేడి 20 డిగ్రీల సెంటిగ్రేడు పెరిగినచో, సుమారు 3 సెంటీమీటర్లు సాగును. అందుకు ఎడము విడువనిచో అతుకులపై ఒత్తిడి పడును. వేడి హెచ్చినకొలది గొట్టము బలము తగ్గును. తగిన రక్షణ లేక చిరకాలము ఎండలో నున్నచో పెళుసగును. గాఢమైన నత్రికామ్లమునకు ఇది పనికిరాదు.

కర్మాగారమువారు గ్రామము మీదుగా గొట్టము వేయదలచినపుడు సభ్యులు ఈ ప్రశ్నలడుగవలెను: అందు ప్రవహించు ద్రవమేది? దాని వేడి యెంత? అతుకులను ఒత్తిడితో పరీక్షించిరా? గొట్టము పాతిన దారికి గుర్తురాళ్లు నాటిరా? ద్రవము కారినచో ప్రవాహమును ఆపు ఏర్పాటు కలదా?

మరియొక హెచ్చరిక. కర్మాగారములలో వాడి తీసివేసిన గొట్టములు చౌకగా లభించినను, వానిని మంచినీటికి ఎన్నడును వాడరాదు. ఎంత కడిగినను వానిలోని రసాయనము పూర్తిగా పోయినదని చెప్పజాలము.

బావినీటి రంగుగాని, వాసనగాని మారినచో ఆ నీటిని త్రాగుట వెంటనే మాన్పించి, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి వ్రాతమూలకముగా తెలుపవలెను. నీటి కాలుష్యమును అరికట్టుటకు 1974లోనే చట్టము ఏర్పడినది. తేదీ, స్థలము వివరించి వ్రాసిన ఫిర్యాదు ప్రతిని పంచాయతీ కార్యాలయమున భద్రపరచుట మరువరాదు.