మీకు తెలుసా? నిదానం పడవే నెగ్గింది!

1968లో లండన్ పత్రిక సండే టైమ్స్ ఒక పోటీ పెట్టింది: తెరచాప పడవలో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూగోళాన్ని చుట్టి రావాలి. బయలుదేరింది తొమ్మిది మంది. పూర్తి చేసింది రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ ఒక్కరే, 312 రోజుల్లో. ఆయన ‘సుహైలి’ బొంబాయిలో టేకుతో కట్టిన 32 అడుగుల బరువైన పడవ. వేగం మాట ఎత్తకపోవడమే మేలు!

బరువు పడవ వేగానికి ఒక మోటు లెక్క ఉంది. నీటిమట్టం దగ్గర పొడవును అడుగుల్లో కొలిచి, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే గరిష్ఠ వేగం నాట్లలో వస్తుంది. 28 అడుగులకు సుమారు ఏడు నాట్లు, అంటే గంటకు 13 కిలోమీటర్లు. ఆపైన గాలి ఎంత తోసినా, పడవ తాను లేపిన అలనే దాటలేదు.

మరి నడిసంద్రంలో బోల్తా పడకుండా నిలుస్తుందా? 1979 ఫాస్ట్‌నెట్ తెరచాప పడవల పందెంలో తుపాను 15 మంది నావికులను బలిగొన్నాక దీనికీ ఒక సూత్రం వచ్చింది. పడవ వెడల్పును, అది తొలగించే నీటి ఘనపరిమాణపు ఘనమూలంతో భాగించాలి; అడుగుల్లో లెక్కిస్తే జవాబు 2 దాటకూడదు. అయితే గుడ్డిగా నమ్మదగ్గది కాదిది. బరువంతా పడవ అడుగున వెన్నెముకలాంటి కీల్‌లో ఉన్నా, తెరచాప స్తంభం కొసన వేలాడినా అదే జవాబు చెబుతుంది!