మేడ్చలు వోటు

ఫలాని ప్రాంతపు వోటు తరతరములుగా ఫలాని పక్షమునకే యని మనవారు తఱచు చెప్పుచుందురు. ఊరిపేరు మారనంతమాత్రమున ఊరివారును మారలేదనుకొనుట యందలి చిక్కు.

మేడ్చలు శాసనసభాస్థానమునే చూడుడు, శామీరుపేట యిందులోనిదే. 1994, 1999, 2004 ఎన్నికలలో తూళ్ళ దేవేందర్ గౌడ్ తెలుగుదేశము పక్షమున వరుసగా గెలిచెను. 2004లో రాష్ట్రమున కాంగ్రెసు గెలిచినను ఇచట గాలి తిరుగలేదు. 2009లో కాంగ్రెసు, 2014లో తెలంగాణ రాష్ట్ర సమితి గెలిచినవి. 2014లో తెలుగుదేశము తరఫున మల్కాజిగిరి లోకసభకు ఎన్నికైన మల్లారెడ్డి, 2018లో సమితి అభ్యర్థియై మేడ్చలునుండి శాసనసభకు వెళ్ళెను. మారినది వోటరా, నాయకుడా?

అంతకన్న వింత యొకటి గలదు. 2023 నవంబరు పోలింగులో మల్కాజిగిరి పరిధిలోని యేడు శాసనసభాస్థానములును భారత రాష్ట్ర సమితికే దక్కినవి. ఆఱు నెలలు నిండకమునుపే, 2024 మే పోలింగులో, ఆ లోకసభాస్థానమున భారతీయ జనతాపక్షపు ఈటల రాజేందర్ మూడు లక్షల తొంబదివేలకు పైబడిన ఆధిక్యముతో నెగ్గెను. ఆఱు నెలలలో తరము మారదుగదా! రాష్ట్రమునకొక త్రాసు, దేశమునకొక త్రాసు పట్టుకొన్నవారు పెక్కుమంది యన్నమాట.

తరము తెచ్చు మార్పు వేఱు. 2009లో తొలిసారి ఎన్నిక జరిగిన మల్కాజిగిరిలో 2024 నాటికి వోటర్లు ముప్పదియేడు లక్షలు దాటిరి. దేశమున నింత పెద్ద నియోజకవర్గము మఱియొకటి లేదు. నానా జిల్లాలనుండి, పరరాష్ట్రములనుండి కాపురములు తరలివచ్చినవి. శామీరుపేట చెఱువు క్రింద మడి దున్నిన యింటివారు తాతవలెనే నేటికిని వోటు వేయుచుండవచ్చును. మొత్తపు లెక్కలో అది వేఱుగా కానరాదు.