శోధన వచ్చుటే పాపమా?



“అయ్యగారూ, ఈ వారమంతా చెడు తలంపులతో పోరాడాను. ఆదివారం ప్రభువు బల్లలో పాలుపొందవచ్చునా?” సంఘాలలో తరచుగా వినబడే ప్రశ్న ఇది. కొందరు అదీ అడగరు. వెనుక వరుసలో కూర్చుండి, బల్ల సమయానికి మెల్లగా లేచి వెళ్లిపోతారు. నీవు కూడా అలా వెళ్లిపోయి ఉంటే ఈ మాటలు నీ కొరకే.

క్రొత్త నిబంధన గ్రీకులో శోధనకు ‘పెయిరాస్మోస్’ అనే మాట ఉన్నది. పరీక్ష అన్నా, పాపమునకు లాగుట అన్నా అదే మాట. అందుకే యాకోబు పత్రిక 1వ అధ్యాయం చదివేవారు తికమకపడతారు. 2వ వచనంలో శోధనలు వస్తే సంతోషించమంటాడు. 13వ వచనంలో దేవుడు ఎవరినీ శోధింపడంటాడు. తేడా ఉద్దేశంలో ఉన్నది. ఒకే అప్పుల బాధలో దేవుడు నీ విశ్వాసమును బలపరచ చూస్తాడు, సాతాను దానిని కూల్చ చూస్తాడు. అబ్రాహాము విషయంలో మన తెలుగు బైబిలు ‘పరిశోధించెను’ అన్నది (ఆది. 22:1). చక్కని మాట!

ప్రభువు ప్రార్థనలోని ‘శోధనలోకి తేక’ అనే మాట దగ్గర కూడా ఇదే చిక్కు. దేవుడే మనలను పాపములోకి నెడతాడని అర్థం రాకూడదని 2017 డిసెంబరులో ఫ్రాన్సు కథోలిక సంఘం తమ ప్రార్థనలో ఆ వాక్యమును మార్చుకొన్నది. నన్నడిగితే మార్చనక్కరలేదు, బోధిస్తే చాలు.

యాకోబు 1:14లో వాడిన ఒక గ్రీకు మాటకు మూలం ‘ఎర’. గాలం వేసేవాడు చేపకు ఇష్టమైనదే గుచ్చుతాడు గదా! ఎర కంటబడుట వేరు, దానిని నోట కరచుట వేరు. యేసు ప్రభువు బాప్తిస్మము పొందిన వెంటనే, 40 దినముల ఉపవాసములో శోధింపబడెను, అయినను పాపము చేయలేదు (హెబ్రీ. 4:15). ఆయనలో దురాశ లేదు, మనలో ఉన్నది. కనుక వచ్చిన తలంపును లోపల కూర్చోబెట్టి పోషించితే అది పాపమును కంటుంది. అప్పుడు ఒప్పుకోవాలి.

మరి బల్ల సంగతి? 1 కొరింథీ. 11:28 మరల చదువు. తన్ను తాను పరీక్షించుకొని తినమన్నాడే గాని, పరీక్షించుకొని ఇంటికి వెళ్లమనలేదు.

తప్పించుకొను మార్గము దేవుడే కలుగజేస్తాడని 1 కొరింథీ. 10:13 చెప్పుచున్నది. యోసేపుకు అది ద్వారమే. వాదించక, వస్త్రము విడిచి బయటికి పారిపోయెను. రాత్రివేళ ఫోనే నీకు ఎరయైతే, దానిని వేరే గదిలో పెట్టి పడుకో.