మాచా తేనీటికి వెదురు కవ్వం: ఎంచుకొనే విధానం, కాపాడుకొనే పద్ధతి

ద్రవ్యం ఎంత ఉత్తమమైనదైనా దానిని సిద్ధపరచే విధానం సరిగా లేకపోతే ఫలం దక్కదు. చరక మహర్షి విమానస్థానం మొదటి అధ్యాయంలో ఆహార గుణాలను నిర్ణయించే ఎనిమిది అంశాలను చెబుతూ, ప్రకృతి తరువాత రెండవదిగా ‘కరణం’ అనే సంస్కారాన్ని పేర్కొన్నాడు. నీటితోను అగ్నితోను కలిగే సంపర్కం, శుద్ధి, మథనం, కాలం, పాత్ర ఇవన్నీ ద్రవ్యానికి కొత్త గుణాలను చేకూర్చేవేనని ఆయన అభిప్రాయం. పెరుగు శోథను పెంచుతుంది; అదే పెరుగును చిలికితే శోథను తగ్గిస్తుంది అని మా వైద్యులు తరచుగా చూపే ఉదాహరణ దీనికి సంబంధించినదే.

ఈ విషయం ఇప్పుడు ప్రస్తావించడానికి కారణం జపాను దేశపు ఆకుపచ్చ తేయాకు పొడి, ‘మాచా’. విదేశాలలో ఉన్న సంతానం తెచ్చి ఇచ్చిన డబ్బాల రూపంలోను, మన నగరాల దుకాణాల ద్వారాను ఇది మధ్యతరగతి గృహాలలోకి కూడ ప్రవేశించింది. దానితోపాటు, గడ్డం గీసుకొనే కుంచె ఆకారంలో ఉండే ఒక చిన్న వెదురు కవ్వం కూడ వస్తున్నది. దాని పేరు ‘చాసెన్’. నా వద్దకు వచ్చేవారు పొడి మంచిదా కాదా అని అడుగుతారే గాని, కవ్వం గురించి అడిగేవారు అరుదు. నిజానికి ఆ పొడి కంటె ముందుగా పరీక్షించవలసినది ఆ కవ్వాన్నే. అందుకు కారణం వివరిస్తాను.

కషాయం కాదు, చూర్ణం

మనం నిత్యం త్రాగే తేనీటిలో ఆకును మరిగించి, వడకట్టి, పిప్పిని పారవేస్తాము. మాచాలో ఆ పద్ధతి లేదు. నీడలో పెంచిన లేత ఆకులను ఆవిరి పట్టి, ఆరబెట్టి, ఈనెలు తొలగించి, రాతి తిరుగలిలో మెత్తగా విసురుతారు. ఆ చూర్ణాన్ని వేడినీటిలో చిలికి, వడకట్టకుండా మొత్తం త్రాగుతారు. శార్ఙ్గధరుడు చెప్పిన ‘మంథ’ కల్పన మన వైద్యంలో దీనికి దగ్గరి చుట్టం. ఒక పలం ద్రవ్యాన్ని దంచి, నాలుగు పలాల చల్లని నీటిలో వేసి, మట్టి పాత్రలో బాగుగా చిలికి త్రాగడం మంథం. నీటి వేడిలో భేదం ఉన్నా, చిలకడమే ప్రధాన సంస్కారం కావడంలో రెండూ ఒకటే.

వడపోత లేదు గనుక కవ్వానికి అంటుకొన్నదేదైనా కడుపులోకే చేరుతుంది. బూజు పట్టిన కవ్వమైతే బూజు, పెళుసుబారిన కవ్వమైతే వెదురు ముక్క, సరిగా కడగని కవ్వమైతే నిన్నటి పాచి పదార్థం. ఔషధాన్ని నూరే కల్వం విషయంలో వైద్యుడు ఎంత జాగ్రత్త వహిస్తాడో, ఈ కవ్వం విషయంలో గృహిణి అంత జాగ్రత్త వహించాలి.

కవ్వం పుట్టిన ఊరు

తేయాకు పొడిని వెదురు కవ్వంతో చిలికే ఆచారం మొదట చైనాది. సోంగ్ వంశపు చక్రవర్తి హుయిజోంగ్ 1107 ప్రాంతంలో రచించిన తేనీటి గ్రంథంలో వెదురు కవ్వం లక్షణాలు ఉన్నాయి. 1191లో చైనా నుండి తిరిగి వచ్చిన ఐసాయి అనే బౌద్ధ భిక్షువు ఈ తేనీటి పద్ధతిని జపానులో వ్యాప్తికి తెచ్చాడు. 1211లో ఆయన తేనీటి ద్వారా ఆయుష్షును పోషించుకొనే విధానంపై ఒక గ్రంథం వ్రాశాడు. ఐదు రుచులు ఐదు అవయవాలను పోషిస్తాయనీ, చేదు రుచి హృదయానికి హితమనీ అందులో చెప్పాడు. షడ్రసాల సిద్ధాంతంతో పెరిగిన మనకు ఆ ఆలోచనా సరళి పరాయిదిగా తోచదు. తరువాతి కాలంలో చైనాలో పొడి తేనీటి ఆచారం సన్నగిల్లినా, జపాను దానిని నిలుపుకొన్నది.

నేడు జపానులో తయారయ్యే చాసెన్లలో అత్యధిక భాగం నారా ప్రాంతంలోని ఇకోమా పట్టణానికి చెందిన తకయామా గ్రామం నుండే వస్తాయి. సుమారు 500 ఏళ్లుగా అక్కడ ఈ వృత్తి సాగుతున్నది. పూర్వం ఈ విద్యను ఒక్క వారసునికే అప్పగించేవారు. రహస్యం బయటపడకుండా రాత్రివేళ పని చేసేవారని ప్రతీతి. 1975లో జపాను ప్రభుత్వం తకయామా చాసెన్ను సంప్రదాయ హస్తకళగా గుర్తించింది.

తయారీ విధానం తెలిస్తే ఎంపిక సులభం. సుమారు మూడేళ్ల వయస్సున్న వెదురును చలికాలంలో నరికి, ఉడికించి నూనెను తొలగిస్తారు. చలికాలపు ఎండలో ఆరబెట్టి, తరువాత కొన్ని ఏళ్లపాటు కొట్టులో నిలువ ఉంచుతారు. కణుపుకు పైనున్న భాగం తొక్క తీసి, 16 భాగాలుగా చీల్చి, లోపలి మెత్తని భాగాన్ని తొలగించి, ఒక్కొక్క బద్దను మరల సన్నని ఈనెలుగా చీలుస్తారు. 80 ఈనెల కవ్వానికి ప్రతి బద్దను పదిగా చీలుస్తారు. వెలుపలి వరుసలో 80, లోపలి వరుసలో 80, మొత్తం 160 ఈనెలు వస్తాయి. తరువాత ఈనెలను వేడినీటిలో నానబెట్టి, మొదలు నుండి కొనవరకు క్రమంగా పలుచబడేటట్లు చిన్న కత్తితో చెక్కుతారు. ఈ దశకు వారు పెట్టుకొన్న పేరుకు ‘రుచి చెక్కడం’ అని అర్థం. కవ్వపు కొనల చెక్కడాన్ని బట్టి తేనీటి రుచి మారుతుందని వారి నమ్మకం. ఆపైన వెలుపలి ఈనెల అంచుల పదును తీస్తారు. తేయాకు పొడి అంటుకొనకుండా ఉండడమే దీని ప్రయోజనం. చివరకు దారంతో ఈనెలను విడదీసి కడతారు. ఇదంతా చేతిపనే.

కొనే ముందు చూడవలసినవి

ఒకే వెదురు: పిడి, ఈనెలు ఒకే వెదురు ముక్క నుండి రావాలి. పిడిలో కణుపు కనిపించాలి. జిగురుతో అతికిన భాగం ఏదైనా ఉంటే ఆ కవ్వాన్ని తీసుకొనరాదు. వేడినీటిలో రోజూ మునిగే వస్తువులో జిగురుకు చోటు లేదు.

వెదురు రకం: లేత పసుపు రంగులో ఉండే తెల్ల వెదురు, నల్ల వెదురు, పొగ వెదురు అని మూడు రకాలు ప్రసిద్ధం. పాత గడ్డి కప్పు ఇళ్లలో పొయ్యి పొగకు దీర్ఘకాలం మగ్గి గోధుమ రంగు తిరిగిన వెదురు మూడవది. అది అరుదు, ఖరీదు ఎక్కువ. జపాను తేనీటి సంప్రదాయాలలో ఉరసెన్కె వారు తెల్ల వెదురును, ఒమోతెసెన్కె వారు పొగ వెదురును, ముషకోజిసెన్కె వారు నల్ల వెదురును వాడతారు. అది సంప్రదాయ భేదమే గాని ఆరోగ్య భేదం కాదు. గృహ వినియోగానికి తెల్ల వెదురు చాలును. దానిపై బూజు మచ్చ త్వరగా కనిపించడం అదనపు మేలు.

ఈనెల సంఖ్య: పలుచని తేనీటికి 80 నుండి 100 ఈనెలు గల కవ్వం తగినది. 120 ఈనెలదైతే నురుగు సులభంగా వస్తుంది; అయితే ఈనెలు మరీ సన్నం గనుక త్వరగా విరుగుతాయి. తక్కువ ఈనెలతో, లావుగా ఉండే కవ్వం చిక్కని తేనీటికి ఉద్దేశించినది. అందులో చిలకడం కంటె పిసికినట్లుగా కలపడం ఉంటుంది. మన ఇళ్లలో ఆ అవసరం రాదు. క్రొత్తగా నేర్చుకొనేవారికి 100 ఈనెలది మధ్యే మార్గం.

కొనలు: కొత్త కవ్వంలో వెలుపలి ఈనెల కొనలు లోపలికి వంగి ఉంటాయి, లోపలి ఈనెలు ముడివేసినట్లు ఒకచోట చేరి ఉంటాయి. అది లోపం కాదు. వేడినీటిలో తడిపితే విచ్చుకొంటాయి. వేలితో మృదువుగా తాకినప్పుడు ఈనెలు సమంగా వంగి తిరిగి నిలబడాలి. పీచు లేచినవి, ఎగుడుదిగుడుగా చీలినవి, మొదట్లో పగుళ్లు ఉన్నవి వదలివేయాలి.

వాసన: ముక్కుకు దగ్గరగా పెట్టి చూడాలి. ఎండిన వెదురు వాసన తప్ప మరేదీ ఉండరాదు. రసాయనపు ఘాటు గాని, ముక్క వాసన గాని తగిలితే తిరిగి ఇచ్చివేయండి.

పుట్టిన చోటు: నేడు తక్కువ ధరకు దొరికే చాసెన్లలో పెక్కు చైనాలో తయారైనవి. జపాను తేనీటి బొమ్మ వేసిన పెట్టెలో ఉన్నంత మాత్రాన అది జపానుది కాదు. చైనాది అయినంత మాత్రాన పనికిరానిదీ కాదు. పై పరీక్షలకు నిలిస్తే వాడవచ్చు. అయితే జపాను ధర చెల్లించేటప్పుడు తయారైన చోటు పెట్టెపై స్పష్టంగా ఉన్నదా అని చూడాలి. ఊరు పేరు లేక ‘సంప్రదాయ శైలి’ అని మాత్రమే ఉంటే ఆ ధర ఇవ్వనవసరం లేదు.

వాడే పద్ధతి

ముందుగా కవ్వపు కొనలను ఒక నిమిషం పాటు వేడినీటిలో ఉంచాలి. ఎండిన ఈనె పెళుసుగా ఉంటుంది, తడిసిన ఈనె వంగుతుంది. జపాను తేనీటి విధిలో కూడ అతిథి ఎదుట కవ్వాన్ని వేడినీటిలో తడిపి, ఎత్తి, ఈనెలు విరిగినవేమో పరీక్షించే ఘట్టం ఉన్నది. చూడడానికి లాంఛనంగా ఉన్నా, అది ఆరోగ్య రక్షణే.

సుమారు 2 గ్రాముల పొడిని చిన్న జల్లెడతో జల్లించి వెడల్పాటి గిన్నెలో వేయాలి. 80 డిగ్రీల వేడి గల నీరు 60 నుండి 70 మి.లీ. పోయాలి. కొలిచే సాధనం లేనివారు, మరిగిన నీటిని వేరొక పాత్రలోకి ఒంపి కొంతసేపు ఆగితే సరిపోతుంది. మరుగుతున్న నీరు పోస్తే చేదు, వగరు ఎక్కువవుతాయి. కవ్వాన్ని మన మజ్జిగ కవ్వం వలె గుండ్రంగా త్రిప్పరాదు. మణికట్టును మాత్రం ఆడిస్తూ, ముందుకూ వెనుకకూ వేగంగా, కొనలను గిన్నె అడుగుకు నొక్కకుండా, 15 నుండి 20 సెకండ్లు కదిలించాలి. అడుగుకు నొక్కి రుద్దేవారి ఇంట కవ్వం ఎక్కువ కాలం నిలువదు.

పాలు కలిపి త్రాగే అలవాటు ఉన్నవారు పొడిని ముందు నీటిలో చిలికి, కవ్వాన్ని తీసివేసి, తరువాతనే పాలు పోయాలి. పాలలోని కొవ్వు ఈనెల నడుమ దూరితే కడిగినా పోదు, పులిసి దుర్వాసన వేస్తుంది. తేనె వేడి ద్రవంలో కలపడం మన శాస్త్రం నిషేధించినదే. ఇక్కడా అది తగదు.

శుభ్రత, నిలువ

వాడిన వెంటనే గోరువెచ్చని నీటిలో ఆడించి కడగాలి. సబ్బు తగదు. వెదురు సబ్బును పీల్చుకొని మరునాటి తేనీటిలోకి వదులుతుంది. అంట్లు తోమే యంత్రంలో వేయరాదు. కడిగిన తరువాత నీరు విదిల్చి, గాలి ఆడే నీడపట్టున ఆరనివ్వాలి. ఈనెల ఆకారం నిలవడానికి పింగాణీ దిమ్మె ఒకటి దొరుకుతుంది. కవ్వాన్ని దానికి తగిలించి ఉంచితే మంచిది. మండుటెండలో పెడితే పగులుతుంది.

నాకు తెలిసిన ఒక గృహిణి తన కుమార్తె పంపిన కవ్వాన్ని వానాకాలంలో రోజూ శుభ్రంగానే కడిగేది. కాని తడి ఆరకముందే, అది వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలోనే పెట్టి మూత బిగించేది. కొద్ది రోజులలో ఈనెల మొదళ్లలో నల్లని చుక్కలు కనిపించాయి. ఉప్పునీటిలో మరిగిస్తే పోతుందా అని నన్ను అడిగింది. పారవేయమని చెప్పాను. వెదురు లోపలికి దిగిన బూజు పైపై కడుగుడుకు పోదు. ఆ డబ్బా దుకాణం నుండి ఇంటికి తేవడానికి మాత్రమే. ఇంట నిలువ చేయడానికి కాదు.

ఒక్క ఈనె విరిగినా ఆ ముక్క దొరికే వరకు ఆ తేనీటిని త్రాగకండి. రెండు మూడు ఈనెలు పోయినా, మచ్చ కనిపించినా కవ్వాన్ని మార్చవలసినదే. ఇది తరతరాలు నిలిచే రాతి కల్వం వంటిది కాదు, అరిగిపోయే వస్తువు. రోజూ వాడే ఇంట కొన్ని నెలలకు ఒకటి అవసరం కావచ్చును. జపానులో అరిగిన కవ్వాలను దేవాలయాలలో కృతజ్ఞతాపూర్వకంగా దహనం చేసే ఆచారం ఉన్నది.

ఎవరికి తగును, ఎవరికి తగదు

తేయాకు చరక, సుశ్రుత, వాగ్భటుల ద్రవ్యగణాలలో లేదు. రసాన్ని బట్టి చూస్తే తిక్త కషాయ ప్రధానం, రూక్షం. కఫ ప్రకృతి వారికి ఉదయం వేళ ఒక చిన్న గిన్నెడు హితంగా ఉండవచ్చును. వాత ప్రకృతి వారు, నిద్రలేమి, గుండెదడ, అమ్లపిత్తం ఉన్నవారు దూరంగా ఉండడం మేలు. 2 గ్రాముల మాచాలో సుమారు 60 మి.గ్రా. కెఫీన్ ఉంటుంది. గర్భవతులు అన్ని విధాలా కలిపి రోజుకు 200 మి.గ్రా. దాటరాదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో పేర్కొన్నది. కాఫీ అలవాటు ఉన్నవారు ఆ లెక్క కలుపుకొనవలెను. తేయాకులోని వగరు పదార్థాలు ఇనుము ఒంటబట్టకుండా అడ్డుపడతాయి. పాండురోగం ఉన్న స్త్రీలు భోజనంతో గాని, ఇనుము మాత్రలతో గాని దీనిని తీసుకొనరాదు. కనీసం గంట వ్యవధి ఉండాలి. పరగడుపున త్రాగితే కొందరికి వికారం కలుగుతుంది.

ఇక ఖర్చు మాట. నెలకు ఒకసారి సరదాకు త్రాగేవారికి వెదురు కవ్వం అవసరమే లేదు. మూత గట్టిగా ఉన్న చిన్న గాజు సీసాలో పొడి, గోరువెచ్చని నీరు పోసి కుదిపితే చాలును. రోజూ త్రాగదలచినవారు మాత్రం పొడి డబ్బా ఖరీదులో కొంత తగ్గించుకొని అయినా ఒక మంచి కవ్వం కొనండి. కొన్న రోజునే, దానిని ఆరబెట్టడానికి వంటింట్లో గాలి ఆడే చోటు ఒకటి నిర్ణయించుకోండి. అటువంటి చోటు లేని ఇంట కవ్వం ఎంత ఖరీదైనదైనా వానాకాలం దాటదు.